నేను మూసిన కిటికీలు తెరిపించాలని మనవి

గౌరవనీయులైన పట్టణ ఆరోగ్యాధికారి గారి సముఖమునకు, కిటికీలు బిగించు పనివాడు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నివాస గృహములలో గాలి ఆడు మార్గములు మూసివేయబడినందున కలుగుచున్న ప్రాణభయము – సదరు మార్గములను తక్షణము తెరిపించుటకై సీలుతో కూడిన ఉత్తర్వు కోరుట – గురించి.

పై విషయమై తమకు మనవి చేయునది ఏమనగా:

1. అర్జీదారుడనైన నేను పద్దెనిమిదేళ్ళుగా అల్యూమినియం కిటికీలు బిగించే వృత్తిలో ఉన్నాను. మా వీధి చివర రాళ్ళు కోసే యార్డు కలదు. దాని దుమ్ము తినే కంచంలో, తాగే నీళ్ళలో, నిద్రపోయే పిల్లల కనురెప్పల మీద కూడా పడుచున్నదని ఇరుగుపొరుగు వారు మొరపెట్టుకోగా, గడచిన రెండేళ్ళలో నలభై మూడు ఇళ్ళకు కిటికీల చుట్టూ రబ్బరు అంచులు వేసి, వెంటిలేటర్లకు అద్దాలు బిగించి, సందులన్నీ సిలికాను పెట్టి పూడ్చాను. పని ముగిశాక వెలిగించిన అగ్గిపుల్లను కిటికీ అంచు వెంట నడిపించి చూపడం నా పద్ధతి. మంట కదిలితే ఎక్కడో సందు ఉన్నట్టు. కదలకపోతే పని కుదిరినట్టు. నలభై మూడు ఇళ్ళలో ఏ ఒక్క ఇంట్లోనూ మంట కదలలేదు. చీమ దూరే సందు కూడా లేదని అందరూ మెచ్చుకుంటే మీసం మెలేసిన మాట వాస్తవము.

2. నలభై మూడింటిలో మొదటిది నా ఇల్లే. పన్నెండు రోజుల క్రితం ఉదయం ఎనిమిది గంటలకు నా భార్య స్నానమునకు వెళ్ళినది. మా స్నానాల గదిలో గ్యాసుతో నీళ్ళు కాచే గీజరు కలదు, ఈ మధ్యే పెట్టినది, పొగగొట్టం లేదు. పావుగంట దాటింది. నీళ్ళ చప్పుడు వస్తూనే ఉంది, మనిషి అలికిడి మాత్రం లేదు. "ఏమే, ఇంకా ఎంతసేపు?" అని పిలిచాను. పలకలేదు. తలుపు విరగ్గొట్టాను. అయ్యా, లోపల చూసినది వివరించుట ఈ అర్జీకి అవసరము కాదు. వరండాలోకి ఈడ్చుకొచ్చాక చాలాసేపటికి కళ్ళు తెరిచి, "ఏంటండీ అలా ఏడుస్తున్నారు, ఎవరికేమైంది?" అని నన్నే అడిగింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గారు అడిగిన మొదటి ప్రశ్న, "మీ బాత్రూంలో గాలి పోయే కిటికీ ఉందా?"

"ఉందండీ. నేనే గట్టిగా మూశాను," అని చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతులో కొంచెం గర్వం కూడా ఉండి ఉంటుంది. పద్దెనిమిదేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది.

అప్పుడామె, గాలి చాలని చోట గ్యాసు మండితే విషవాయువు పుడుతుందని, దానికి రంగూ లేదు, వాసనా లేదని, ముందు తలనొప్పి, తర్వాత కళ్ళు తిరగడం, వాంతి, ఆపైన తెలివి తప్పడమని, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని చెప్పారు. "మంట ఉన్న గదికి గాలి వచ్చే దారి, పోయే దారి రెండూ ఉండాలయ్యా. దుమ్ము రాకూడదని ముక్కు మూసుకుని కూర్చుంటామా?" అన్నారు.

3. (ఇది ఫిర్యాదు కాదు. ఎక్కడ వ్రాయాలో తెలియక అంకె వేశాను, క్షమించగలరు.) ఆ రోజు నుండి నాకు అన్నం సహించుట లేదు. వీధిలో నడుస్తుంటే నేను బిగించిన అద్దాలన్నీ ఎండకు తళతళలాడుతూ కనిపిస్తాయి. ఇదివరకు వాటిని చూస్తే కడుపు నిండేది. ఇప్పుడు ఆ అద్దాల వెనక ఎవరు వంట చేస్తున్నారో, ఎవరు స్నానం చేస్తున్నారో, ఎవరు దోమల చుట్ట వెలిగించి పసిబిడ్డను పక్కన పడుకోబెట్టారో అని లెక్కపెట్టుకుంటూ నడుస్తున్నాను.

4. పై కారణముచే ఒక్కొక్క ఇంటి తలుపూ తట్టుచున్నాను. ఇప్పటికి ముప్పై ఒక్క ఇళ్ళు తిరిగాను. తొమ్మిది ఇళ్ళవారు తీయించుకున్నారు. మిగిలిన వారి సమాధానములు తమ దృష్టికి తెచ్చుచున్నాను. "మొన్న మూయడానికో కూలి, ఇవాళ తీయడానికో కూలి, రేపు మళ్ళీ మూయడానికి ఇంకో కూలీనా? బాగుందయ్యా నీ వరస!" అని ఒకావిడ. ఊరికే తీస్తానమ్మా అంటే అనుమానం ఇంకా పెరిగినది. వంటింటి గోడ నల్లగా బూజు పట్టిన ఇంట్లో, "అది గోడ పాతబడి వచ్చిన మచ్చ, నీకెందుకు?" అన్నారు. రిటైరైన లెక్కల మాస్టారు గారైతే, "గాలిదేముందోయ్, ఫ్యాను వేసుకుంటే అదే వస్తుంది," అన్నారు. ఫ్యాను లోపలున్న గాలినే తిప్పుతుంది గాని కొత్త గాలిని తేదని విన్నవించబోగా, "నాకే పాఠం చెబుతావా?" అని తలుపు ధడాలున వేయబోయారు. ఆ తలుపు అంచుకు రబ్బరు వేసింది కూడా నేనే. చప్పుడే కాలేదు.

5. ఇక అసలు విషయమునకు వచ్చెదను. ఇంతవరకు వ్రాసినదంతా దీనికోసమే.

జతపరచిన జాబితాలో వరుస సంఖ్య 17 నా సొంత చెల్లెలి ఇల్లు. మూడో అంతస్తు, రెండు గదులు, వంటిల్లు. సొంత చెల్లెలు గదా అని మరెవరికీ చేయనంత శ్రద్ధగా చేశాను. అక్కడ గీజరు పొగ బయటికి పోవడానికి గోడలోంచి ఒక గొట్టం ఉండేది. దాని చుట్టూ సన్నగా దుమ్ము వస్తోందని గడచిన నెలలో ఆ గొట్టం పీకేసి, రంధ్రం సిమెంటుతో పూడ్చాను. మిగతా ఏ ఇంట్లోనూ గొట్టం జోలికి పోలేదు. చెల్లెలి ఇంట్లోనే పోయాను. అయ్యా, ఈ వాక్యమును నాలుగుసార్లు కొట్టివేసి మళ్ళీ వ్రాసితిని.

చెల్లెలి భర్త, మా బావగారు, సిటీ బస్సు డ్రైవరు. రాళ్ళ దుమ్ముకు మూడేళ్ళు దగ్గి దగ్గి సగమైన మనిషి. కిటికీలు మూశాక ఆ దగ్గు తగ్గింది. కనుక నేను వెళ్ళి తీస్తానంటే ఆయనకు కోపం రావడం సహజమే.

"నీ చేతి పని వల్లే నేను మళ్ళీ మనిషినయ్యాను బావా. ఇప్పుడు నువ్వే వచ్చి పీకుతానంటావేంటి?"

"హాలు కిటికీలు అలాగే ఉంచుకో బావా. బాత్రూందొక్కటి తీయనీ. గొట్టం నేనే మళ్ళీ పెడతాను. పోనీ అప్పటిదాకా గీజరైనా ఆపు."

"చన్నీళ్ళు పోసుకుంటే దగ్గు తిరగబెట్టదూ?"

"మా ఆవిడ చావు అంచుదాకా వెళ్ళొచ్చింది బావా!"

"మీ ఆవిడకి రక్తం తక్కువ. అది ఎప్పట్నుంచో ఉన్నదే."

నేను కాళ్ళు పట్టుకోబోయాను. ఆయన వెనక్కి జరిగి చివరి మాట చెప్పేశారు. "నీ మాట మీద మూశాం. ఇప్పుడు నీ మాట మీదే తీయమంటే ఏ మాట నమ్మాలి? సీలేసిన గవర్నమెంటు కాగితం తీసుకురా. నా చేత్తో నేనే పగలగొడతా."

అయ్యా, ఆయన ఊరికే అనే మనిషి కారు. రోడ్డు నిర్మానుష్యంగా ఉన్నా ఎర్రలైటు దగ్గర బస్సు ఆపే మనిషి. కాగితం చూపిస్తే నిజంగానే పగలగొడతారు. చూపించకపోతే పైనున్నవాడు దిగివచ్చినా ఒప్పుకోరు.

వారికి ఏడేళ్ళ కూతురు కలదు. నా మేనకోడలు. రెండు వారాలుగా ఆ పిల్లకు తలనొప్పి. ఇంట్లో ఉంటే వస్తుందట, బడికి వెళ్తే పోతుందట. బడి ఎగ్గొట్టే పిల్లల జబ్బు దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది గదా! ఈ ఒక్క సంగతి చాలదా? మందులషాపు వాళ్ళు బలానికి టానిక్కు ఇచ్చారు. పోయిన ఆదివారం మా ఇంటికి తెచ్చుకున్నాను. మా కిటికీలకు ఇప్పుడు అద్దాలు లేవు, అన్నీ పీకేశాను. దుమ్ములోనే రోజంతా ఆడింది, రెండుసార్లు అడిగి పెట్టించుకుని తింది. సాయంత్రం తీసుకెళ్తుంటే, "మామయ్యా, మీ ఇంట్లో నాకు తల నొప్పెట్టదేంటి?" అని అడిగింది. ఆ పిల్లను మూడంతస్తులూ ఎక్కించి, మళ్ళీ అదే ఇంట్లో దింపి వచ్చాను. నా చేతులతోనే.

చెల్లెలు గుమ్మం దాకా వచ్చి, "ఆయన డ్యూటీకి వెళ్ళినప్పుడు వచ్చి తీసెయ్యమని చెబుదామనిపిస్తుంది అన్నయ్యా. కానీ తర్వాత నిన్నీ గడప తొక్కనివ్వరు. నాకు ఇద్దరూ కావాలి," అంది.

అయ్యా, నాకు భయముగా ఉన్నది. అర్జీలో ఈ మాట వ్రాయవచ్చునో లేదో తెలియదు. వేరే మాట దొరకలేదు. ఫోను మోగితే భయం, మోగకపోతే భయం.

6. కావున తమరు దయయుంచి,

అ) నేను మూసిన వెంటిలేటర్లన్నీ తెరవవలెనని, గ్యాసు గీజర్లకు పొగగొట్టములు తప్పనిసరి అని, వంటింటి కిటికీ తీయకుండా పొయ్యి వెలిగించరాదని ఉత్తర్వు ఇప్పించవలెను;

ఆ) రాళ్ళ యార్డు వారు నీళ్ళు చల్లి కోసేలా చూడవలెను. దుమ్ము రాకుంటే ఎవరూ కిటికీ మూయరు, మా బావగారు కూడా;

ఇ) అన్నింటికన్నా ముందు వరుస సంఖ్య 17కు ఒక కాగితం. రెండు వాక్యములు చాలును. అక్షరదోషములున్నా పరవాలేదు. సీలు మాత్రం గుండ్రంగా, బాగా కనపడేలా ఉండవలెను.

తప్పు చేసినవాడిని నేనే. నాపై ఏ చర్య తీసుకున్నను సమ్మతమే. అది తర్వాత తీసుకొనగలరు. ఈ మనవిని కట్టల కింద పెట్టక, ఊపిరి ఆడే చోట ఉంచి చిత్తగించవలెనని వేడుకొనుచున్న,

తమ విధేయుడు,
కిటికీల పనివాడు

జతపరచినది: నలభై మూడు ఇళ్ళ జాబితా.

తా.క.: అయ్యా, ఈ కింది మాటలు అర్జీ ఇచ్చినాయన రాసినవి కావు. లైనులో ఆయన వెనక నిలబడ్డదాన్ని, బట్టలు కుట్టుకునేదాన్ని. కుళాయి రావట్లేదని చెప్పుకోడానికి వచ్చాను.

ఆయన సంతకం పెడుతుంటే ఫోను మోగింది. పక్కనే ఉన్నాను గనక నాకూ వినపడింది. ఎవరో ఆడమనిషి, "అన్నయ్యా, ఇవాళ బడి లేదు గదా, పొద్దుట్నుంచి తల పగిలిపోతోందని ఒకటే ఏడుపు. వేన్నీళ్ళు పోసుకుంటే తగ్గుతుందని మీ బావ అంటే ఇప్పుడే స్నానానికి పంపాను," అంది. ఈయన "గీజరు ఆపు! తలుపు తియ్యి! పిల్లని బయటికి లాగు!" అని అరిచాడు. ఆఫీసంతా మా వైపు తిరిగింది. అవతల విందో లేదో, లైను తెగిపోయింది. మళ్ళీ చేశాడు, ఎత్తలేదు. ఇంకోసారి చేశాడు. ఎత్తలేదు. కాగితాలు నా చేతిలో పెట్టి, "అమ్మా, ఇది ఇచ్చెయ్యి," అని చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు.

లైనులో నిలబడే మొత్తం చదివాను. చదివి మా ఇంటికి ఫోను చేసి, కిటికీలన్నీ బార్లా తీయమని మా అత్తకు చెప్పాను.

కౌంటరు దగ్గరాయన అర్జీతో పాటు ఒక ఫారం కూడా నింపాలన్నాడు. అందులో "మృతుల సంఖ్య" అని ఒక గడి ఉంది. ఖాళీగా వదిలేస్తే తీసుకోడట. నాకేం తెలుసు బాబూ, ఆయన ఇంకా దారిలోనే ఉంటాడు అన్నాను. ఏదో ఒకటి రాయమ్మా, వెనక జనం ఉన్నారు అన్నాడు.

సున్నా వేశాను. అయ్యా, నేను వేసిన అంకె అబద్ధం కాకముందే ఎవరినైనా పంపించండి.