బాకా ఆయన ముందుపన్ను

ప్రియమైన పిచ్చుకా,

ఫోను చేస్తే "పేషెంటు ఉన్నాడే, మళ్ళీ చేస్తా" అని పెట్టేస్తావు. ఆ 'మళ్ళీ' ఎప్పుడూ రాదు. ఉత్తరమైతే తలుపు దగ్గర పడి ఉంటుంది, దాన్ని దాటుకొని పోలేవు కదా అని పెన్ను పట్టాను.

వచ్చే నెల మా కాలేజీలో ప్రాక్టీసు చేస్తున్న దంతవైద్యులకు మూడు రోజుల తరగతులు పెడుతున్నాం. రూట్ కెనాల్ ఎలా చెయ్యాలి, సొంత పన్నును ఎలా నిలబెట్టాలి అన్నదే పాఠం. చెప్పేది నేనే. లైసెన్సు పొడిగించుకోవడానికి కావలసిన పాయింట్లు కూడా వస్తాయి. పీకడం తప్ప నువ్వు ఇంకేమీ చెయ్యడం లేదని విన్నాను. మీ ఊళ్ళో బోసినోళ్ళ సంఘం పెట్టి నిన్నే అధ్యక్షురాలిని చేస్తారేమో చూసుకో.

మొన్న మన పాత ల్యాబులోకి వెళ్ళాను. కిటికీ పక్కన మన బల్ల ఇంకా అక్కడే ఉంది. అభ్యాసానికి పళ్ళు దొరక్క క్లినిక్కుల చుట్టూ తిరిగి, పీకిన పళ్ళు టిఫిన్ డబ్బాలో పోగేసుకొచ్చేవాళ్ళం, గుర్తుందా? ఒకరోజు ఆ డబ్బా హాస్టల్లో భోజనాల బల్ల మీద మరిచిపోతే, వార్డెనమ్మ మూత తీసి చూసి వారం రోజులు మనతో మాట్లాడలేదు. మాస్టారు నిన్ను చూసి "ఈ అమ్మాయి వేళ్ళకి కళ్ళున్నాయి" అనేవారు. నాకెంత కుళ్ళుగా ఉండేదో! ఆ వేళ్ళు ఏమయ్యాయే?

తప్పకుండా రా. మా ఇంట్లోనే ఉందువుగాని.

నీ
నిచ్చెన


ప్రియమైన నిచ్చెనా,

నీ ఉత్తరం చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. వార్డెనమ్మ మూత మళ్ళీ జాగ్రత్తగా పెట్టి, చెయ్యి మూడుసార్లు కడుక్కుంది. అది మరిచిపోయావు.

నేను రాలేను. నర్సమ్మ సెలవులో ఉంది. మా అత్తగారికి మోకాలు వాచింది. పైగా క్లినిక్కుకి రంగులు వేయిస్తున్నాను. పుస్తకాల కొట్టు మీద గదే, ఇంకా అదే. కుర్చీ పైకి లేపితే కిర్రుమంటుంది, ఆ చప్పుడుకే సగంమంది నోరు తెరిచేస్తారు.

ఒక్కటి మాత్రం మనసులో నలుగుతోంది. ఊరి బ్యాండులో బాకా ఊదే ఆయన వచ్చాడు. మెట్ల మీద జారిపడితే ముందుపన్నుకి దెబ్బ తగిలింది. పన్ను నల్లబడింది, చిగురు మీద చీముగుల్ల లేచింది. తీసేద్దామా అన్నాను.

"డాక్టరమ్మా, ముప్ఫై ఏళ్ళ నుంచీ నా పెదవి ఈ పన్ను మీదే ఆనుకొని ఊదుతోంది. ఇది పోతే గాలి ఎటు పోతుందో నాకే తెలీదు. దీన్ని పీకేకన్నా బాకా అమ్మేసుకోవడం నయం" అన్నాడు.

మరైతే పెద్దాసుపత్రికి వెళ్ళమన్నాను. "మా ఇంటిల్లిపాది పళ్ళూ మీరే చూశారు. ఇంకోచోట నోరు తెరవను" అని భీష్మించుకున్నాడు. మందులు రాసిచ్చి పంపాను. వాపు తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు.

నీ
పిచ్చుక


ప్రియమైన పిచ్చుకా,

అత్తగారి మోకాలు, నర్సమ్మ సెలవు, గోడల రంగు! ఒక్క సాకు చెప్పి ఉంటే నమ్మేదాన్ని.

ముందుపన్ను వేరులో ఉండేది ఒకే నాళం. తిన్నగా ఉంటుంది. మా దగ్గర చదివే పిల్లలు కూడా భయపడకుండా చేస్తారు. తరగతులకు రాకపోతే మానెయ్, ఆయన పన్ను మాత్రం చెయ్యి. ఎందుకు చెయ్యవో నాకు తెలీదనుకున్నావా? బద్ధకం! పీకితే పది నిమిషాల్లో చేతులు దులుపుకోవచ్చు. రూట్ కెనాల్‌కి కూర్చోవాలి, వెతకాలి, ఓపిక పట్టాలి. అంత నేర్పు పెట్టుకొని పట్టకారుతో బతికేస్తున్నావంటే నాకు ఒళ్ళు మండుతోంది.

ఆయన పన్ను పీకావో, ఇక నాకు ఉత్తరం రాయకు.

నీ
నిచ్చెన


ప్రియమైన నిచ్చెనా,

ఆరు వారాలైంది. నీ తరగతులు అయిపోయి ఉంటాయి. రోజూ నీకు రాయాలని కూర్చోవడం, మొహం చెల్లక లేచిపోవడం.

బద్ధకం కాదే. భయం.

ఆఖరి సంవత్సరం పరీక్షకి నాకు దవడపన్ను కేసు ఒకటి తక్కువైంది. పేషెంట్లు దొరకలేదు. "నా పుచ్చుపన్ను ఉందిగా, చెయ్యి" అని నువ్వే కుర్చీ ఎక్కి కూర్చున్నావు. మూడో నాళంలో ఆ సూదిలాంటి ఫైలు తిప్పుతుంటే ఏదో తెగినట్టు చేతికి సన్నగా తెలిసింది. బయటికి తీసి చూస్తే మొన లేదు. వెంట్రుకంత సన్నటి ముక్క నీ పన్నులోనే విరిగిపోయింది. గంటసేపు ప్రయత్నించాను, రాలేదు. నువ్వు నోరు తెరుచుకొని పైకప్పు చూస్తూ కాళ్ళు ఊపుతున్నావు.

ముక్కను లోపలే వదిలి, దాని మీదే పన్ను నింపేశాను. ఎక్స్‌రేలో ముక్క స్పష్టంగా కనిపించింది. ఆ ఫిల్ము చించేసి, కడిగేటప్పుడు పాడైపోయిందని మాస్టారుకి అబద్ధం చెప్పాను. ఆయన నమ్మారు. మంచి మార్కులే వేశారు. నీకు "బ్రహ్మాండంగా వచ్చిందే" అని చెప్పాను. ఆ సాయంత్రం నువ్వే నాకు ఐస్‌క్రీం కొనిపెట్టావు.

ఆ తర్వాత నాలుగైదు సార్లు రూట్ కెనాల్ మొదలుపెట్టాను. ఫైలు పట్టుకుంటే చెయ్యి ఆడదు. పీకడం మొదలుపెట్టాను. పీకిన పన్ను మీద ఎవరూ తిరిగి వచ్చి తప్పు చూపించరు కదా. అలా ఇరవయ్యారేళ్ళు గడిచిపోయాయి.

ఆ పన్ను ఏమైందో ఏనాడూ అడగలేదు. అడిగితే పోయిందంటావేమోనని భయం. నన్ను క్షమించమనడానికి కూడా నోరు రావడం లేదు.

బాకా ఆయన నిన్న మళ్ళీ వచ్చాడు. పెదవి వాచి ఉంది. పది రోజులు గడువిచ్చాడు. ఆ తర్వాత మీరు ఏది చేస్తే అదే అన్నాడు.

పిచ్చుక


నా పిచ్చుకా,

నాకు తెలుసు.

పరీక్షలైన నెలకే జ్ఞానదంతం నొప్పెట్టి ఎక్స్‌రే తీయించుకున్నాను. పక్క పన్నులో నీ ఫైలు మొన మెరుస్తూ కనిపించింది. కోపంతో ఊగిపోతూ గదికి వచ్చాను. నువ్వు దుప్పటి మడతపెడుతూ, నా మొహం చూడకుండా ఏదో మాట్లాడావు. ఎక్కడికి పోతుంది, తనే చెబుతుందిలే అనుకున్నాను. చెప్పలేదు. నువ్వు చెప్పేదాకా నేనూ అడగకూడదని పంతం పట్టాను. కోపం ఏడాదిలో పోయింది. పంతం మాత్రం మిగిలిపోయింది, అలవాటుగా.

పన్ను అలాగే ఉంది. ఒక్కరోజు నొప్పి పెట్టలేదు. నువ్వు నాళాలు అంత శుభ్రంగా కడిగావు మరి. మా తరగతుల్లో మొదటి గంటలో నేను చూపించే ఎక్స్‌రే అదే. "ఈ పన్నుని ఏం చేస్తారు?" అని అడుగుతాను. సగంమంది పీకేస్తామంటారు. అప్పుడు నోరు తెరిచి, వేలితో కొట్టి చూపిస్తాను. ఫైలు విరగడం ఎవరికైనా జరుగుతుంది, చెప్పి, కనిపెట్టుకొని ఉండాలి అని వాళ్ళకి పాఠం చెబుతాను. ఎన్ని వందలమందికి చెప్పానో. నీకు చెప్పలేదు.

నీ చేతులు ఆగిపోయాయని నాకు తెలీదే. పీకుడు నీకు ఇష్టమనుకొని ఇన్నాళ్ళూ ఎగతాళి చేశాను. ఆ రోజు గదిలో ఒక్క మాట అడిగి ఉంటే ఏడ్చేదానివి, తిట్టేదాన్ని, మర్నాడు ఇద్దరం ల్యాబుకి వెళ్ళేవాళ్ళం. మీ ఊరివాళ్ళు పోగొట్టుకున్న పళ్ళలో సగం పాపం నాది. క్షమించాల్సింది నువ్వు.

ఆదివారం బస్సెక్కి వస్తున్నాను. నీ పక్కన నిలబడతాను. ఫైలు మాత్రం నీ చేతిలోనే ఉంటుంది.

నీ
నిచ్చెన


ప్రియమైన నిచ్చెనా,

ఈ ఉత్తరం అందేసరికి నువ్వు బయలుదేరుతూ ఉంటావు. ఆదివారం దాకా ఆగలేకపోయాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివి, ఏడ్చి, మొహం కడుక్కొని, బాకా ఆయనకి కబురు పెట్టాను.

రెండు గంటలు పట్టింది. మొదటి పావుగంట వెతుకులాటే, తర్వాత నాళం దొరికింది. ఎక్స్‌రే ఇందులోనే పెడుతున్నాను. రెండు మిల్లీమీటర్లు పొట్టిగా నింపాను, చూసి తిట్టు. ఆయనకీ ఫిల్ము చూపించి, ఇక్కడ కొంచెం తక్కువైంది, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోండి అని చెప్పాను. "కొంచెమేనా? నేను రోజూ అంతకంటే ఎక్కువే తప్పు ఊదుతాను డాక్టరమ్మా, ఎవరికీ చెప్పను గానీ" అన్నాడు.

నువ్వు రావడం మాత్రం మానకు. కుర్చీ తుడిచి పెట్టాను. నీ దవడపన్ను నేను ఒక్కసారి చూడాలి.

నీ
పిచ్చుక