ఫ్రేము లేని బొమ్మలు

ప్రియమైన చిట్టికి,

ఫోన్లో నీ గొంతు వింటే దేనికైనా సరేననేస్తాను. అందుకే కాగితం మీద అడుగుతున్నాను. నువ్వు కిందటేడు కొనిపించిన ఎన్ఎఫ్‌టీ బొమ్మల ధర పడిపోయిందట. కొట్టుకి అద్దాలు తెచ్చే అతను, "అవి ఫోన్లో తప్ప ఎక్కడా ఉండవక్కా, ఇప్పుడు కొనే దిక్కే లేదు" అని నవ్వాడు. "మా తమ్ముడు కంప్యూటర్లు చదివినవాడు, నీకేం తెలుసు?" అని కసిరాను. కసిరాక భయం వేసింది.

బొమ్మలకి ఫ్రేములు కట్టి బతుకుతున్నదాన్ని. గోడకి తగిలించలేని బొమ్మకి యజమానురాలినంటే నాకింకా అంతుపట్టదు. నేను అద్దెకుంటున్న ఈ కొట్టు అమ్మేస్తానంటూ, కొంటావా అని యజమాని ముందు నన్నే అడిగాడు. అందుకోసమే డబ్బు దాచుకున్నాను. ఆ బొమ్మల్లో పెట్టడం ఇంకా లాభమేనా? ఉన్నవి అమ్మేయనా? దాచకుండా చెప్పు.

ఆశీస్సులతో,
అక్క

ప్రియమైన అక్కా,

అద్దాలవాడి మాటకి బెంగపెట్టుకున్నావా? ధర పడింది, నిజమే. భయపడ్డవాళ్లు అమ్ముకుంటున్నారు, తెలిసినవాళ్లు కొంటున్నారు. ఇంత చౌక మళ్లీ రాదు. కొట్టు కోసం దాచింది కూడా పంపు, మంచివి ఏరి నీ పేరున నేనే కొంటాను. కొట్టుదేముంది, తర్వాత ఇంతకంటే పెద్దది కొనుక్కుందువుగాని. నావి ఒక్కటి కూడా కదపలేదు. నన్ను పెంచిన చేతులు నీవి. నిన్ను ముంచుతానా?

నీ చిట్టి

ప్రియమైన చిట్టికి,

డబ్బు పంపించాను. కొట్టు ఇప్పట్లో కొనలేనని యజమానికి చెప్పేశాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు.

మీరు ఇల్లు కొన్నారని మరదలు ఫోన్ చేసింది. నువ్వు చెప్పనేలేదేం? పనుల్లో మర్చిపోయి ఉంటావులే. మీ పెళ్లి ఫొటోకి టేకు ఫ్రేము కట్టి తెస్తున్నాను.

నీ అక్క

చిట్టికి,

మొన్న మీ ఇంట్లో నువ్వు పాలకని కిందికి వెళ్లావు. నేను హాల్లో స్టూలెక్కి మీ ఫొటోకి మేకు కొడుతున్నాను. మరదలు స్టూలు పట్టుకుని మురిసిపోతూ చెప్పింది:

"మా అదృష్టం వదినా. ఈయన తన ఫోన్ బొమ్మలన్నీ పూర్తిగా మునగకముందే వదిలించుకున్నారు. ఎవరూ కొనక తెగ తిరిగారు. చివరికి ఎవరో పిచ్చిమాలోకం దొరికి మొత్తం ఊడ్చుకుపోయారట."

"ఎవరట?"

"అడిగితే నవ్వి ఊరుకున్నారు."

మేకు సూటిగానే దిగింది. ఇన్నేళ్ల అలవాటు, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

ధర పడిపోతే నా ఖర్మ అనుకునేదాన్ని. నా కోసం ఏరి కొన్నానన్నవి నీవే కదూ? నువ్వొచ్చి, "ఫొటో బాగా కుదిరిందక్కా, టీ తాగావా?" అన్నావు. మొహంలో ఏ తేడా లేదు. ఒళ్లు మండింది. తాగానని అబద్ధం చెప్పి వచ్చేశాను.

కొట్టు ఎవరో కొనేశారు. ఖాళీ చేయమన్నారు.

అక్క

ప్రియమైన అక్కా,

ఏ మొహంతో రాయను? ఇంటికి మిగతా డబ్బు కట్టకపోతే ఇచ్చిన అడ్వాన్సు కూడా పోయేది. అందరినీ అడిగాను. ఒక్కరూ కొనలేదు. ఎదురు ప్రశ్న వేయకుండా నన్ను నమ్మేది నువ్వొక్కదానివే.

ఎలాగైనా తీరుస్తాను. నీ మరదలికి మాత్రం చెప్పకు. నేను చాలా తెలివైనవాడిననుకుంటోంది.

నీ చిట్టి

చిట్టికి,

సామాను కట్టడానికి సాయం చేస్తానని నిన్న మరదలు కొట్టుకి వచ్చింది. అద్దాలకి పాత దుప్పట్లు చుడుతూ అడిగింది:

"వదినా, నా గాజులు అమ్మి కొత్తరకం ఎన్ఎఫ్‌టీలు కొందామంటున్నారు. ఇప్పుడు చౌకట. బొమ్మలతో బతికేవారు కదా, మీరేమంటారు? ఇంకా లాభమేనా?"

నిన్ను వెనకేసుకురావడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటే. "వాడికి తెలుసులే" అందామని నోరు తెరిచాను. తను నా జవాబు కోసం చూస్తోంది. నేనేం చెబితే అది నమ్మేలా ఉంది.

"దుప్పటి పక్కన పెట్టు, ఇలా కూర్చో" అన్నాను. అంతా చెప్పాను. ఆ పిచ్చిమాలోకం ఎవరో కూడా చెప్పాను.

తను ఏడవలేదు. కాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. తర్వాత మిగిలిన అద్దాలన్నీ చుట్టింది. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఎప్పుడొస్తుందో నన్నడగకు, తననే అడుగు. ఏం చెప్పాలో తనే చెబుతుంది.

ఇట్లు,
నీ భార్యకు వదిన