రెండో పట్టీ, అయిదో పట్టీ

మార్చి 3
అక్క కూతురు దిగింది. మా డెయిరీ ఆవుల త్రేన్పులు కొలుస్తుందట. అందుకే అంత చదువూ చదివింది. గ్యాస్ వెనకనుంచి వస్తుందనుకున్నాను ఇన్నాళ్లూ. కాదు మావయ్యా, ఎక్కువ నోట్లోంచే అంది. ఆ మీథేన్ పైకి పోయి భూమికి దుప్పటి కప్పేస్తుందట, వేడి బయటికి పోనివ్వదట. ఇరవై రెండేళ్లుగా ఆ త్రేన్పులకు ఎదురుగా నిలబడ్డవాణ్ణి, నన్నెవరూ కొలవలేదేం అన్నాను. పడీ పడీ నవ్వింది. ముక్కు మాత్రం మా బావది. పాపం.

మార్చి 5
మిషన్ వచ్చింది. ఆవు అందులో తల దూర్చి దాణా తింటుంటే దాని ఊపిరి లాగేసుకుంటుంది. మెడ పట్టీ నంబరు చూసి ఎవరి త్రేన్పో రాసుకుంటుంది. మొత్తం ఆరు ఆవులు. ఒకటి, రెండు, మూడు నంబర్లకు దాణాలో పొడి కలపాలి. అది గ్యాస్ తగ్గిస్తుందట. మిగతా మూడింటికి ఉత్త దాణా. పెట్టేది నేనే. నాకు నంబర్లెందుకు, మొహాలు తెలుసు. రెండో నంబరు మహారాణి. అయిదో నంబరు మొండిది.

మార్చి 11, మధ్యాహ్నం 2
మహారాణి పట్టీ మొండిదానికీ, మొండిదాని పట్టీ మహారాణికీ వేసేశాను. పొడి మాత్రం ఎప్పట్లా మహారాణికే. పిల్ల పట్టుకుంటుందో, కంప్యూటర్ పట్టుకుంటుందో చూద్దాం. పాలు పితికేవాడికి చెబితే, నీకు వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదన్నాడు. వాడి చెప్పుల్లో పేడ పెట్టింది నేనేనని వాడికింకా తెలీదు.

మార్చి 12
ఎవరూ పట్టుకోలేదు.

మార్చి 19
ఇంకా పట్టుకోలేదు. అంత చదువూ పట్టీ చూస్తుంది, మొహం చూడదు. నిజం రాస్తున్నాను, నాకు హాయిగా ఉంది. పదో క్లాసు రెండుసార్లు తప్పినవాణ్ణి. నలుగురు కూడితే ఈ పిల్ల మార్కుల కథే. నా సంగతి ఎవరైనా అడిగితే, పశువుల దగ్గర ఉంటాడు అంటుంది అక్క, నేనూ వాటిల్లో ఒకడినైనట్టు. అది ఒక్కసారి తప్పితే చూడాలని ఉంది.

మార్చి 28
చూశాను. రెండో నంబరుకు పొడి పనిచేయడం లేదట. పొడి మొహమే చూడని అయిదుకు గ్యాస్ తగ్గిందట. తూకంలో నేనే తప్పు చేశానేమో మావయ్యా అంటూ పొట్లాలన్నీ మళ్లీ తూచింది. మూడుసార్లు. అన్నం తినలేదు. నేను పక్కనే కూర్చుని తాడు పేనాను.

ఏప్రిల్ 2, ఉదయం 6
ఎవరి పట్టీ వాళ్లకి వేసేశాను. పీడ వదిలింది.

ఏప్రిల్ 14
వదల్లేదు. వాళ్ల ప్రొఫెసర్ వచ్చాడు. తాడిలాంటి మనిషి, షెడ్డు గుమ్మానికి తల కొట్టుకున్నాడు. ఇంకో రోజైతే వారం నవ్వేవాణ్ణి. రెండు ఆవులు ఒకే రోజు తిరగబడి, మళ్లీ ఒకే రోజు దారికి రావమ్మా, ఈ అంకెలు నువ్వే అల్లావా అని అడిగాడు. అందరి ముందూ. శుక్రవారంలోగా కారణం చూపించకపోతే ఈ పని ఆపేసి, పిల్ల పేరు కొట్టేస్తాడట. దాణా పెట్టేదెవరన్నాడు. మా మావయ్య, ఆవుని మొహం చూసి చెబుతాడు, ఆయన దగ్గర తప్పు జరగదండీ అంది.

నేనక్కడే ఉన్నాను, పార పట్టుకుని. ఎత్తడానికి పేడ కూడా లేదు.

ఏప్రిల్ 14, సాయంత్రం
పిల్లని గడ్డి కోసే మిషన్ వెనక్కి పిలిచి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఏ రోజు మార్చావు, ఎన్ని గంటలకి, ఎప్పుడు తిరిగి వేశావు అని మాత్రం అడిగింది. అవి తెలిస్తే రీడింగులన్నీ సరిచేయొచ్చట. కానీ ఉత్త మాట ఆయన నమ్మడు, అప్పటికప్పుడు రాసుకున్నది కావాలట. నువ్వేమైనా రాసుకుంటావా అంది. మావయ్యా అనలేదు.

నేనా, రాయడమా అన్నాను.

ఏప్రిల్ 15
మార్చి పంతొమ్మిదో తేదీ పేజీ చింపబోయాను. చింపిన పుస్తకాన్ని ఎవడు నమ్ముతాడు? అదీ నాలాంటివాడు చింపింది.

ఏప్రిల్ 16
ప్రొఫెసర్ గారూ, మార్చి 11, ఏప్రిల్ 2 చూడండి. పాలు పితికేవాడికి చూపించకండి.

అమ్మాయీ, నీ ముక్కు బాగానే ఉంటుంది.