పార్కు షెల్టర్‌లో దోమలు, కృపావరం పాట

విల్లో క్రీక్ పార్కు అధికారి గారి సముఖమునకు,
నార్త్ కరొలినా, 19 జూలై 1984.

అయ్యా,

విషయం: పిక్నిక్ షెల్టర్ వద్ద దోమల బాధ – ఫ్యాన్లకు కరెంటు ఇప్పించుట గురించి.

ఇదివరకు ఇంగ్లీషులో రెండు అర్జీలు పెట్టుకున్నాను. రెంటికీ ఒకే అచ్చు జవాబు వచ్చింది. ఇంగ్లీషులో నాకు కోపం సరిగా రాదు. అందుకని ఈసారి తెలుగులో రాస్తున్నాను. మా అమ్మాయి లూసీ చేసే తర్జుమా జతపరచబడును.

1. మా తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత గుడి లేదు. ఆదివారం సాయంత్రాలు తమ షెల్టర్‌లోనే ప్రార్థన జరుపుకుంటున్నాము.

2. సంఘంలో పాట ఎత్తుకునేది నా భార్య కృపావరం. మార్చిలో ఆమెకు గొంతు ఆపరేషన్ అయింది. మూడు నెలలు పాట లేదు. జూన్‌లో ధైర్యం చేసి ఎత్తుకుంది. రెండో చరణంలో నోట్లోకి దోమ పోయింది. దగ్గి దగ్గి కూలబడింది. "ఇక నావల్ల కాదండీ, సుందర్ రాజ్ గారిని పాడమనండి" అంటోంది.

3. తమ ఆఫీసుకు ఫోన్ చేయగా చెమటకు, ముదురు రంగు బట్టలకు, మనిషి ఊపిరికి దోమలు వస్తాయని సెలవిచ్చారు. అందరమూ తెల్లని పొడుగు చేతుల బట్టలు వేసుకున్నాము. మందు పూసుకున్నాము. నిమ్మగడ్డి నూనె కొవ్వొత్తులు గాలికి ఆరిపోయాయి. మరి ఊపిరి సంగతేమిటని అడిగితే, "ట్రై సింగింగ్ లెస్, సర్" అన్నారు. అయ్యా, ఊపిరి బిగబట్టి ప్రార్థించు విధానము మా సంఘమునకు తెలియదు.

4. షెల్టర్ వెనుక మూడు పీపాలలో నీరు నిలిచి పురుగులు ఆడుతున్నవి. మొన్న ఆదివారం నేనూ మా సంఘస్థుడు సుందర్ రాజ్ గారూ వాటిని బోర్లించబోయాము. గార్డు వచ్చి, పార్కు సొత్తు ముట్టుకున్నారని హెచ్చరిక కాగితం చేతిలో పెట్టాడు. "బ్రదర్, మనం చేసింది దొంగతనమా?" అని సుందర్ రాజ్ గారు అడిగితే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

5. గట్టిగా గాలి వీస్తే దోమ నిలవలేదు. మా వద్ద రెండు పెద్ద ఫ్యాన్లు ఉన్నవి. షెల్టర్ స్తంభానికి ప్లగ్గు ఉంది. ప్లగ్గుకు తాళం ఉంది.

కావున తాళం తీయించి, నిలవ నీరు పారబోయించవలెనని ప్రార్థన. ఆమె ఇంట్లో కూడా పాడడం లేదయ్యా. వంట చేస్తూ కూనిరాగమైనా తీయడం లేదు. ఇంతకంటే ఆఫీసు భాషలో రాయడం నాకు చేతకాదు. తమరు చిత్తగించి దయచూడవలెను.

తమ విధేయుడు,
దైవాశీర్వాదం

తా.క. (22 జూలై): లూసీకి తర్జుమా కుదరక ఇది పోస్టు కాలేదు. ఈ సాయంత్రం ఆ గార్డే మళ్లీ వచ్చాడు. ఇంకో కాగితం రాస్తాడనుకున్నాము. "ఫిఫ్టీన్ మినిట్స్" అని ప్లగ్గు తాళం తీశాడు. ఫ్యాన్లు తిరిగినా కృపావరం చాలాసేపు కుర్చీ వదలలేదు. తర్వాత తనంతట తనే లేచింది. గొంతు బొంగురుపోయింది, పై స్థాయి అందలేదు, అయినా నాలుగు చరణాలూ పాడింది. గార్డు టోపీ చేత్తో పట్టుకుని గంటసేపు నిలబడిపోయాడు. అతన్ని ఏమీ అనకండి. తాళం సంగతి పైవాళ్లెవరైనా అడిగితే, నేనే విరగ్గొట్టానని రాసిస్తాను.