కొత్త టైరు ముందుకా, వెనక్కా?

కోట నుంచి.

నాయనకు బిందు నమస్కారాలు. సైకిలు మీంచి పడి మోకాలు గీసుకుపోయింది, అంతే. అమ్మను కంగారుపడవద్దను.

రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే నా గేరు సైకిలుకు, నువ్వు ఎప్పుడూ చేసేట్టే, కొత్త గుబ్బల టైరు వెనక్కి వేయించి అరిగినది ముందుకు మార్పించాను. ఎండలో, ఇసుకలో బాగానే పోయింది. నిన్న వాన పడ్డాక బంకమట్టి మలుపులో ముందు చక్రం జారి పడ్డాను. సైకిల్ షాపు హజరత్తయ్య నవ్వినాడు. "వెనకది జారితే సైకిలు ఊగతాది పాపా, ముందుది జారితే మనిషే పడతాడు" అన్నాడు. గుబ్బలది ముందుకు మార్పించాను.

నారుకు నీళ్లు అందుతున్నాయా? నలభై ఏళ్లుగా అరిగిన టైరు ముందేసుకుని కాలవ గట్టున తొక్కుతున్నావు. ఎప్పుడూ పడలేదా, పడి మాకు చెప్పలేదా? కార్డులోనే రాయి. ఫోనులో అయితే నవ్వి దాటేస్తావు.