కోమలత్త వండిన నొప్పి

పలమనేరు,
శుక్రవారం.

మా అక్క కూతురు, పంటి డాక్టరు కాబోయే రాజశ్రీకి మునిప్రసాద్ మామ దీవించి రాసేది.

ఈ కాలంలో ఉత్తరమేంది అని నగబాకు. ఫోనులో మాట్లాడాలంటే నోరు తెరవాల. తెరిస్తే ఎడమ దవడలో కరెంటు తీగ తగిలినట్లు జివ్వుమంటాది. టైపు కొడదామంటే నా బొటనవేలు ఒక్కో తూరి మూడక్షరాల మీద పడతాది. అందుకని టమోటా వ్యాను తోలే తౌసిఫ్ చేతికి ఇది ఇస్తా ఉండా. వాడు దినమూ తిరపతి మార్కెట్టుకు వస్తాడు గదా, మీ హాస్టలు వాచ్‌మన్‌కు ఇచ్చిపోతాడు. తోడు ఒక సంచి టమోటాలు.

సంగతి విను. ఇరవై ఏండ్లుగా జయరావు మండీలో టమోటాల వేలం పాట పాడేది నేనే. నేను కేక పెడితే గంగవరం దాకా వినపడతాదని పేరు. ఇప్పుడు "మూడొందలు" అనబోయి "మూ" కాడే ఆగిపోతా ఉండా. నేను మూడొందలంటానో, మూడొందల యాభై అంటానో అని కొనేవాళ్లంతా నా మొగం సూస్తా నిలబడి ఉంటారు. నిన్న వ్యాపారి లాల్ బాషా, "ఏమప్పా మునీ, మూ అనేదానికేనా జయరావు నీకు కూలి ఇచ్చేది?" అన్నాడు. అందరూ నగినారు. జయరావు నగలేదు. "వచ్చే శుక్రవారం దాకా సూస్తా. అప్పటికీ నోరు తెరవకపోతే పాట గిరికి ఇచ్చేస్తా" అన్నాడు.

గిరి నా కింద పని నేర్చుకున్నోడే. వాని గొంతు గిన్నె మీద గరిటె గీసినట్లుంటాది. అయినా వానికి పంటినొప్పి లేదు. అదే వాని అర్హత.

కాబట్టి ఏ పన్ను పీకించాలో ఒక మాట రాయి. మీదిదో, కిందిదో నాకే తెలియకుండా ఉండాది.

ఇట్లు,
నోరు మూసుకున్న మామ,
మునిప్రసాద్

తా.క.: నేను గమ్మునున్నప్పటినుంచి మీ కోమలత్త మొగంలో కళ వచ్చింది. "తొందరపడి పీకించబాకు, ఇంకో నెల సూద్దాం" అంటా ఉండాది.


తిరుపతి,
శనివారం.

నొప్పితో ఉన్న మామకు, ఆ నొప్పినే పాఠంగా చదువుతున్న రాజశ్రీ నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి బాధపడ్డాను. రెండోసారి చదివి, క్షమించు మామా, సంతోషపడ్డాను. వచ్చే గురువారం తరగతిలో నేను మాట్లాడవలసింది సరిగ్గా నోటి నొప్పి గురించే.

ముఖం మీది తాకిడినీ, వేడినీ, చలినీ, నొప్పినీ మెదడుకు మోసుకుపోయే పెద్ద నరం ఒకటుంది. అది మూడు పాయలుగా చీలుతుంది. ఒకటి నుదుటికి, ఒకటి పై దవడకు, ఒకటి కింది దవడకు. పుస్తకంలో దాని పేరు నోరు తిరగనిది. నేను "ముప్పేట నరం" అని పెట్టుకున్నాను. ఎంత బాగుందో చూడు! ఎప్పుడో అరుదుగా ఆ నరానికే జబ్బు చేస్తుంది. అప్పుడు గాలి తగిలినా, నోరు తెరిచినా కరెంటు కొట్టినట్లుంటుంది. నువ్వు రాసింది అక్షరాలా అదే. పుస్తకంలో ఉన్న మనిషి మా మామే అని నా గదిలో ఉండే రుహీకి కూడా చూపించాను.

పన్ను మాత్రం పీకించవద్దు. పై పళ్ల కబురూ, కింది పళ్ల కబురూ మెదడు దగ్గర ఒకే గుమ్మంలోకి చేరతాయి. ఏది ఎక్కడిదో మెదడు పోల్చుకోలేదు. అందుకే నీకు తెలియడం లేదు. అసలు నొప్పి పంటిలో ఉండదు మామా. పన్ను కబురు పంపుతుంది, అంతే. దాన్ని నొప్పిగా చేసేది తలలోని మెదడు.

ఇంకో విచిత్రం. కారం రుచి కాదు! తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఇవి రుచులు. కారం నొప్పి. నాలుక మీద వేడికి తెరుచుకునే చిన్న చిన్న తలుపులుంటాయి. మిరపకాయ దొంగతాళంతో ఆ తలుపులే తీస్తుంది. నోరు కాలిందని మెదడు నమ్మేస్తుంది. ఇది అత్తకు కూడా చెప్పు, ఆశ్చర్యపోతుంది.

నొప్పి ఎప్పుడెప్పుడు వస్తుందో గమనించి రాయి.

నీ మేలునూ, నీ నరం వివరాలనూ కోరే
రాజశ్రీ

తా.క.: తరగతిలో నీ పేరు చెప్పవచ్చా? ఉత్త "ఒక రోగి" అంటే నువ్వు నొచ్చుకుంటావేమో. టమోటాలు ఉప్పద్దుకుని పచ్చివే తింటున్నాను. రోజూ పంపు.


పలమనేరు,
సోమవారం.

అడిగినదానికన్నా ఎక్కువ చెప్పే రాజశ్రీకి మామ మొరపెట్టుకునేది.

కంటద్దాలు కనపడక నీ ఉత్తరం మీ అత్త చేత చదివించినాను. అదే నేను చేసిన తప్పు. "కారం రుచి కాదు, నొప్పి" అనే కాడ ఆపింది. నా దిక్కు సూసింది. "అంటే ఇన్నేండ్లుగా నేను నీకు నొప్పి వండి పెడతా ఉండానా?" అనింది. మాట్లాడలేను గదా, కాదని తల అడ్డంగా ఊపబోయినాను. దవడ జివ్వుమని తల సగంలోనే ఆగి, కిందికి వాలిపోయింది. అది ఔనన్నట్లు కనపడింది ఆమెకు.

ఆ పూటనుంచి నాకు పెరుగన్నమే. ఊరగాయ జాడీ అటక మీదికి ఎక్కించింది. పిల్లోళ్లకు సంగటి, శెనక్కాయలతో కారంగా నూరిన ఊరిబిండి. నా ముందర తెల్లగా ఒక గిన్నె. "నిన్ను బాధపెట్టేదానికి నాకు మనసొప్పదు సామీ" అంటాది.

అంతటితో పోలేదు. నొప్పి పంట్లో లేదు, తలకాయలో ఉండాది అని కొళాయి కాడ చెప్పింది. కొళాయి కాడినుంచి మండీకి మాట నడిచిపోదు, పరిగెత్తుతాది. పొద్దన్నే జయరావు నా భుజం మీద చెయ్యేసి, బిడ్డను అడిగినట్లు, "మునీ, ఈ దినం ఏ వారం?" అన్నాడు. సోమవారం అనాల. "సో" కాడ జివ్వుమనింది. ఆగిపోయినాను. జయరావు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి.

ఎప్పుడెప్పుడు వస్తాదని అడిగినావు. చల్లనీళ్లు తాగితే. పొద్దన్నే చలిగాలి తగిలితే. నోరు పెద్దగా తెరిస్తే. మండీలో పాట సగానికి వచ్చేసరికి తట్టుకోలేను. నిన్న ఆదివారం, మండీ లేదు. నొప్పి సగం తగ్గింది.

ఇట్లు,
తెల్లన్నం మామ

తా.క.: పేరు చెప్పుకో. ఈడ ఎట్లాగూ పోయింది.


తిరుపతి,
మంగళవారం.

పెరుగన్నం తింటున్న మామకు రాజశ్రీ రాసేది. ఈ ఉత్తరంలో సగం నమస్కారాలు అత్తకు.

నొప్పి తలలో ఉందంటే అబద్ధమని కాదు మామా. చూపు కూడా తలలోనే పుడుతుంది. అంతమాత్రాన ఎదురుగా వస్తున్న లారీ అబద్ధమా? జయరావుగారికి ఈ మాట చెప్పు. చెప్పలేకపోతే ఈ ఉత్తరం చూపించు.

మెదడులో మన ఒంటికి ఒక పటం ఉంది. పొలాల పటం లాంటిదే. వీపు అంత పెద్దది కదా, దానికి అందులో ఇంత చిన్న చెక్క. పెదాలకూ నాలుకకూ మాత్రం ఎకరాలకెకరాలు! అందుకే నోట్లో చిన్న ముల్లు కూడా స్తంభంలా అనిపిస్తుంది.

ఆదివారం తగ్గిందని చదివి గంతేశాను. మనసు కుదురుగా ఉన్నప్పుడు నొప్పి కబురును మెదడు దారిలోనే ఆపేయగలదు. మండీలో పాట పోతుందన్న దిగులు. ఇంట్లో ఆ దిగులు లేదు. ఇంతకు మించి కారణం వెతకనక్కరలేదు.

నిన్న చదివిన మరో సంగతి. మిరపకాయ ఆ తలుపులను పదే పదే తెరిపిస్తే అవి అలసిపోయి మూతపడతాయట. కొంతసేపు ఏ కబురూ పంపవు. ఈ కిటుకుతో నొప్పికి మందులు కూడా చేశారు!

నీ నోటిని నమ్ముకున్న
రాజశ్రీ

తా.క.: ఆ పని ఇంట్లో మిరపకాయతో చేయకూడదు. చిగురు కాలిపోతుంది. పొరపాటున చేస్తే నీళ్లు తాగవద్దు, కారం నీళ్లలో కరగదు. పెరుగు పుక్కిలించాలి.


పలమనేరు,
బుధవారం.

చెప్పాల్సింది చివర్లో చెప్పే రాజశ్రీకి, కాలిన మామ రాసేది.

మీ అత్త నాకు సద్ది తెస్తా నీ ఉత్తరం కూడా మండీకి తెచ్చి చదివింది. "మందులు కూడా చేశారు" అనే కాడ నేను లేచిపోయినాను. పక్కనే బజ్జీల అంగడి. ఎర్రకారం ముద్ద వేలు నిండా తీసుకొని ఎడమ చిగురుకు రాసినాను.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన కేక గంగవరం దాటి పోయిందంట. ఐరాలనుంచి వచ్చిన ఆదిలక్ష్మమ్మ సరుకు అప్పుడు పాటలో ఉండాది. నేను సద్దికి లేస్తే నా బదులు పాడతా, బాక్సు నాలుగొందల కాడ గిరి నిలబడిపోయి ఉన్నాడు. నా కేక విని, వెనక ఎవరో పెద్ద పాట ఎత్తుకున్నారనుకొని లాల్ బాషా "అయిదొందలు!" అనేసినాడు. అన్న మాట వెనక్కి తీసుకునే పద్ధతి మండీలో లేదు. ఆదిలక్ష్మమ్మ నా కాడికి వచ్చి, "నాయనా, రేపు కూడా సరుకు తెస్తా ఉండా. రేపు కూడా రాసుకో" అనింది.

నేను నీళ్లు తాగినాను. కారం నోరంతా ఈత కొట్టింది. ఇంకో చెంబు తాగినాను. అది గొంతులోకి దిగింది. ఆ తర్వాత మీ అత్త తాపీగా, "ఇంకా రొంత ఉండాది, సదవనా?" అనింది. పెరుగు యాడ దొరుకుతాది అని సుట్టూ సూసినాను. ఆమె చేతిలోనే ఉండాది గదా నా సద్దిగిన్నె! అందులో మొగం పెట్టేసినాను. పెరుగన్నాన్ని నేను మళ్లీ ఏమీ అనను.

ఒక గంట నొప్పి లేదు. నాలుక కూడా లేదు. మళ్లీ రెండూ వచ్చినాయి. ఎల్లుండే శుక్రవారం. పాట పాడేవాని భుజాన ఎర్ర తువ్వాలు ఉండాల, అది మా మండీ లెక్క. ఈ దినం జయరావు గిరికి కొత్త తువ్వాలు కొనిచ్చినాడు. ఈ నోరు తప్ప నాకు వేరే పని రాదు పాపా.

ఇట్లు,
మామ

తా.క.: ఇకమీదట తా.క. మొదట రాయి.


తిరుపతి,
గురువారం.

తా.క.: ఏమీ చేయవద్దు. నోటికి ఏమీ రాయవద్దు.

మామకు, సిగ్గుపడుతున్న రాజశ్రీ నమస్కారాలు.

ఇవాళ తరగతిలో మాట్లాడాను. ముప్పేట నరం అన్నప్పుడు వెనక వరుసలో ఎవరో "ఓహో" అన్నారు. మెదడు పటాన్ని రంగులతో వేశాను. నీ ఆదివారం సంగతి చెప్పాను, మనసు ప్రశాంతత గురించి రెండు మంచి వాక్యాలు కూడా రాసుకున్నాను. చప్పట్లు కొట్టారు. అప్పుడు మా ప్రసన్నకుమారి మేడం అడిగారు.

"మెదడు దాకా పోయి వచ్చావు, బాగుంది. ఆయన నోట్లోకి ఎవరైనా తొంగిచూశారా?"

"లేదు మేడం."

"పొద్దున్నే నోట్లో ఏం పెట్టుకుంటాడు?"

"అడగలేదు మేడం."

"ఆదివారం ఏం పెట్టుకోడు?"

కూర్చున్నాను. నరానికి పేరు పెట్టిన దాన్ని, నీ పంటిని ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. రోజూ మండీలో నోట్లో ఏం పెట్టుకుంటావు? వక్కా? పొగాకా? పలమనేరులో మేడం శిష్యురాలు డాక్టర్ జెస్సీ ఉన్నారట. రేపు పొద్దున్నే వెళ్లు. నీకు ఫోను చేస్తే "హ" అని ఆగిపోతావని అత్తకు చేశాను. "ఈసారి ఏం మాన్పిస్తావు మాచేత?" అని పెట్టేసింది.

ఇట్లు,
రాజశ్రీ

ఇది చివర్లో రాస్తున్నాను కనుక ముఖ్యమైనది కాదు: రెండు రోజులుగా చల్లనీళ్లు తాగితే నాకూ జివ్వుమంటోంది. చదివిన జబ్బల్లా తమకే వచ్చినట్లనిపించడం మా కాలేజీలో మామూలే.


పలమనేరు,
శనివారం.

మా రాజశ్రీకి, నోరున్న మామ రాసేది.

నీ ఉత్తరం తౌసిఫ్ నిన్న తెల్లారి మండీలో ఇచ్చినాడు. "నోట్లో ఏం పెట్టుకుంటావు" అనే కాడికి వచ్చినప్పుడు నా నోట్లో టమోటా ఉండింది.

మా మండీలో పాట పాడేవాడు కుప్ప కుప్పకూ ఒక పండు కొరకాల. ఎడమ దవడన పెట్టి, రసం పీల్చి, ఉమ్మి, అప్పుడు ధర ఎత్తుకోవాల. కొరక్కుండా ధర చెప్తే రైతు నమ్మడు. నొప్పి మొదలైనాక కూడా మానలేదు, ఇంకా గట్టిగా కొరికినాను, పని తెలిసినోడినని జయరావుకు సూపించేదానికి. దాన్ని తినేదని ఎప్పుడూ అనుకోలేదు పాపా. అది పని. నువ్వు అడిగింటే కూడా "ఏమీ తినను" అనే రాసుందును.

నోట్లో పండుతోనే జెస్సీ డాక్టరమ్మ కాడికి పోయినాను. టమోటా ఉమ్మించి, ఎడమ దవడ పండ్ల మీద ఉఫ్‌మని గాలి కొట్టింది. కుర్చీలోంచి లేసి గోడ కాడ నిలబడినాను. "టమోటా పులుపుకు పంటి మొదట్లో పైపెచ్చు కరిగిపోయిందన్నా. లోపల సన్న సన్న గొట్టాలుంటాయి. వాటి అవతల నరం. గాలి తగిలితే నేరుగా దానికే" అనింది. "నరం సెడిపోయిందా?" అని సైగ చేసినాను. "అది బంగారంగా ఉండాది. దినమూ మీకు మొర పెట్టుకుంటా ఉండాది, అంతే" అనింది. ఏదో పూసి, నీలం దీపం పెట్టి గట్టి చేసింది. ఇంక కొరకబాకండి అనింది.

మండీకి పోయేసరికి గిరి కొత్త తువ్వాలుతో బాక్సుల మీదికి ఎక్కి ఉన్నాడు. నేను కిందనే నిలబడి "మూడొందలు!" అన్నాను. పూర్తిగా అన్నాను. పావురాలు లేచినాయి. జయరావు ఒక పక్క కన్నీళ్లు తుడుచుకుంటా, "ఈ దినం ఏ వారం?" అన్నాడు. "శుక్రవారం, పాట నాది" అన్నాను.

అయితే ఆదిలక్ష్మమ్మ అడ్డం తగిలింది. "కొరక్కుండా నా సరుకుకు ధర చెప్తావా?" అనింది. రైతులంతా ఆమె పక్కే. పాడగలిగేవాడు కొరకగూడదు, కొరకగలిగేవానికి గొంతు లేదు. జయరావు తీర్పు చెప్పినాడు. గిరి కొరికి తల ఊపుతాడు. నేను పాడతాను. నా పాత ఎర్ర తువ్వాలు మళ్లీ నా భుజానికి వచ్చింది. కొత్తది గిరికే ఇడిచిపెట్టినాను, మూతి తుడుచుకునేదానికి. "అన్నా, ఇంత పెద్ద పని నాకు ఇప్పిస్తివే" అని నా చేతులు పట్టుకున్నాడు. కొరికినాక నీళ్లు పుక్కిలించరా అంటే, "రుచి పోతాదన్నా" అంటాడు. కొన్నేండ్లకు వాడు నీకు ఉత్తరం రాస్తాడు. అడ్రసు ఇచ్చిపెట్టినాను.

నీ జివ్వు నీ మెదడులో లేదు, నా సంచిలో ఉండాది. అందుకని ఈసారి టమోటాలు పంపలేదు. శెనక్కాయలు పంపినాను.

ఇట్లు,
గంగవరం దాకా వినపడే మామ,
మునిప్రసాద్

తా.క.: రాత్రి మీ అత్త జాడీ కిందికి దించింది. సంగటి, ఊరిబిండి, మీద ఊరగాయ. కండ్లల్లో నీళ్లు, ముక్కులో నీళ్లు, నెత్తిన చెమట. గిన్నె ముందుకు తోసి, "కోమలీ, ఇంకొంచెం నొప్పి వెయ్యి" అన్నాను. "గమ్మున తిను" అంటా గరిటె నిండా వేసింది.