గుమ్మటం ఆరేదాకా

మార్చి 3, ఆదివారం

రెండు ఆదివారాల్లో అయిపోతుందని అల్లుడు అన్న మాట తప్పు. రెండో ఆదివారం ఇవాళే. ఇప్పటికి తేలింది నడుమెత్తు దిమ్మె ఒకటి, అతని నడుంనొప్పి ఒకటి.

పెరట్లో పిజ్జా పొయ్యి కట్టాలన్నది నా కూతురి ఆలోచన. ఫైర్ బ్రిక్స్ తెప్పించి, టార్పాలిన్ కప్పి ఆసుపత్రికి వెళ్ళింది. తిరిగి రాలేదు. ఏడాదిగా ఆ కుప్ప చుట్టూ తిరిగి బట్టలు ఆరేస్తున్నాను. ఇప్పుడు అల్లుడుగారు టార్పాలిన్ తీశారు. చేసేది ఆడిటింగ్. పుట్టి బుద్ధెరిగి తాపీ పట్టుకున్న మనిషి కాదు.

మధ్యాహ్నం కొడుకు ఫోన్ చేశాడు. చెల్లెలే లేని ఇంట్లో ఇంకా ఏం చేస్తున్నావమ్మా, వచ్చెయ్ అన్నాడు. నిజమే. కూతురికి సాయంగా వచ్చినదాన్ని, ఇప్పుడు ఏ హోదాలో ఉన్నట్టు? పొయ్యి కాగానే వస్తానన్నాను. అల్లుడు పక్కనే ఉన్నాడు. విన్నాడు. సిమెంటు సంచి మూతి కట్టాడు, విప్పాడు, మళ్ళీ కట్టాడు.

ఉండమని ఒక్కమాట అంటే ఉంటానేమో. అడిగే అలవాటు అతనికి లేదు. అడిగించుకునే అలవాటు నాకు లేదు.

మార్చి 10, సాయంత్రం

పొయ్యి గుమ్మటం గాల్లో నిలబడదు. అందుకని ముందు తడి ఇసుకను బోర్లించిన కుండలా పోసి, మీద తడి పేపర్లు పరిచి, దాని చుట్టూ సగం ఇటుకలు వరసలుగా పేర్చుకుంటూ పైకి పోవాలట. వీడియోలో చూశాడు. వీడియోలో ఉన్నవాడికి పాతికేళ్ళుంటాయి, వాడికి వెన్నెముక రబ్బరుతో చేసినట్టుంది. ఇక్కడ ఇసుక తడిపింది నేను.

మనవరాలు కాలేజీ పుస్తకం పక్కన పడేసి వచ్చి చూసి, ఒంటె మూపురంలా ఉంది అమ్మమ్మా అంది. వాళ్ళ నాన్న నొచ్చుకున్నాడు. చీకటి పడేదాకా దాన్ని నున్నగా చేస్తూనే ఉన్నాడు. ఇంకాసేపుంటే పౌడర్ కూడా రాసేవాడు.

మార్చి 13

మోకాళ్ళు. ఇంకేం రాయను.

మార్చి 24, ఆదివారం

పోయిన ఆదివారం నడినెత్తిన చివరి ఇటుక దిగింది. ఇవాళ పొయ్యి నోట్లోంచి ఇసుక తోడాం. ఇసుక పోయాక ఇటుకలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలవాలి, లేదా అన్నీ మన కాళ్ళ మీదికి రావాలి. మూడో దారి లేదు.

కూలితే ఇంకో నెల. నిలబడితే నేను బయల్దేరాలి. ఏది కోరుకోవాలో తెలియక బొచ్చె పట్టుకుని నిలుచున్నాను.

నిలబడింది. మనవరాలు గంతులేసింది. అల్లుడి ముఖం మాత్రం ఆడిట్‌లో ఏదో తేడా వచ్చినట్టుంది.

తొంగిచూస్తే లోపల గుమ్మటానికి ఎవరిదో ఫ్రిజ్ ప్రకటన తిరగబడి అంటుకుని ఉంది. కూతురు చూసి ఉంటే నవ్వి నవ్వి కింద కూర్చునేది.

మార్చి 26

కట్టగానే పెద్ద మంట పెడితే ఇటుకల్లో నీళ్ళు ఆవిరై గుమ్మటాన్ని చీలుస్తాయి. రోజూ కాస్త కాస్త మంట పెట్టి, నిదానంగా ఆరబెట్టాలి. పగలు ఇంట్లో ఉండేది మీరే కదా అత్తయ్యా, మీరే చూడాలి అన్నాడు. పదవి ఇస్తున్నట్టే అన్నాడు.

ఆరిందని ఎలా తెలుస్తుందని అడిగాడు. ముప్ఫై ఏళ్ళు సైన్సు చెప్పినదాన్ని. మంట చల్లారాక పొయ్యి నోటికి స్టీలు పళ్ళెం అడ్డం పెట్టండి, లోపల తడి ఉంటే పొద్దుటికల్లా పళ్ళేనికి చెమట పడుతుంది, చెమట లేని రోజు ఆరినట్టు అన్నాను. ముందు బెంచీ పిల్లాడిలా తలూపాడు.

ఏప్రిల్ 3

చెమట. పొగ. కళ్ళలోనూ చెమటే.

ఏప్రిల్ 9, మంగళవారం

పళ్ళెం పొడిగా ఉంది.

కొడుక్కి చెప్పాను. శనివారం కారు తెస్తానన్నాడు. రాత్రి భోజనాల దగ్గర ఆ మాటే చెప్పాను. మనవరాలు కంచం పట్టుకుని లేచిపోయింది. అల్లుడు అన్నం కెలుకుతూ, ఒక్కరోజు చూసి ఎలా తేలుస్తారు అత్తయ్యా, మేమైతే ఇంకోసారి చెక్ చేస్తాం అన్నాడు. చెయ్యండి, మీ పొయ్యే కదా అన్నాను.

పెట్టె దించాను. సర్దే ఓపిక లేదు.

ఏప్రిల్ 10

పళ్ళెం నిండా చెమట! చూశారా, ఇంకా పచ్చిగానే ఉంది అని అల్లుడు విచారంగా అన్నాడు. విచారం సరిగ్గా కుదరలేదు.

ఏప్రిల్ 11, ఉదయం

ఇవాళా చెమటే. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. బొట్లన్నీ పళ్ళెం బయటివైపున ఉన్నాయి. లోపలివైపు పొడి మసి, వేలికి అంటింది. ఆవిరి లోపల్నుంచి కదా నాయనా వచ్చేది! మంచు అనుకుందామంటే పక్కనే ఉన్న స్కూటర్ అద్దం పొడిగా ఉంది.

ఇస్త్రీ చేసేటప్పుడు బట్టల మీద నీళ్ళు కొట్టే స్ప్రే సీసా నిన్నటి నుంచి కనపడటం లేదు. పొయ్యి వెనక, మిగిలిన ఇటుకల సందులో దొరికింది. మళ్ళీ అక్కడే పెట్టేశాను.

నా క్లాసులో అయితే ఈ ప్రయోగానికి సున్నా వేసేదాన్ని. ఒక్కమాట అడగడానికి నోరు రాక, తెల్లారకముందే లేచి, నడుంనొప్పితో వంగి, పళ్ళేనికి నీళ్ళు కొట్టాడు.

ఆరిపోయిన పొయ్యిలో మళ్ళీ చిన్న మంట పెట్టాను.

ఏప్రిల్ 12

కారు వద్దని కొడుక్కి చెప్పాను. గుమ్మటం ఆరలేదన్నాను. ఎప్పటికి ఆరుతుందమ్మా అన్నాడు. ముందు వానాకాలం ఉంది, చెప్పలేనన్నాను.

ఫ్రిజ్ మీద అల్లుడి కోసం అంటించిన చీటీ:

బాబూ, సాయంత్రం వచ్చేటప్పుడు సన్నకట్టెలు రెండు మోపులు, కొత్త స్ప్రే సీసా ఒకటి తీసుకురండి. పాతది నాకు ఇస్త్రీకి కావాలి. నీళ్ళు పళ్ళెం లోపలివైపు కొట్టాలి.